అదే పిట్టా, వేరే పిట్టా?

సంక్రాంతికి వారం ముందు, ఒక పొద్దున్న సోంపేట బీల గట్టు మీద నేనూ మా మిత్రుడూ పక్కపక్కనే కూర్చుని జమ్ములో పిట్టల్ని లెక్కపెట్టాం. మంచు ఇంకా విడలేదు. గంట తర్వాత పుస్తకాలు మార్చుకుని చూస్తే నా లెక్క 31, ఆయన లెక్క 14. చూసింది ఒకే జమ్ము, విన్నది ఒకే అరుపులు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, ఆయన బ్యాంకులో క్యాషియర్. కూడికలో పొరపాటు పడే మనుషులం కాదు. ఎడమ పక్క దుబ్బులోకి దూరిన పిట్ట రెండు నిమిషాలకి కుడి పక్క తేలితే నేను రెండని రాసుకున్నాను. ఇందాకటి పిట్టే కదా అని ఆయన వదిలేశాడు. ఎవరిది రైటో తేల్చే ఆధారం ఇద్దరి దగ్గరా లేదు.

గేదెల్ని తోలుకొస్తున్న పెద్దాయన ఒకరు మా వాదన విని ఆగారు. "ఏటి బాబూ, పొద్దున్నించి అలాగ కూకున్నారు?" అన్నారు. సంగతి చెప్పాం. ఆయన చేతికర్రతో గట్టు మలుపులో ఉన్న ఒక దుబ్బు చూపించారు. "దాన్లో ఒకటుంటాది సూడండి. మూడేళ్ల బట్టి, సలికాలం వొచ్చిందంటే సాలు, అదే సోట, అదే పిట్ట."

"అదే పిట్టని ఎలా తెలుసు తాతా?"

"నా గేదెల్ని నాను గుర్తట్టనేటి?"

గేదెకి కొమ్ముల వంపు ఉంటుంది, నుదుట మచ్చ ఉంటుంది. ఆ దుబ్బులో ఉన్నది బొటనవేలంత పిట్ట. ఎండిన జమ్ము ఆకు రంగే దాని రంగు, వాటిలో ఒకదానికీ ఇంకోదానికీ మన కంటికి తేడా కనిపించదు. తాత మాటని కొట్టిపారేయలేకపోయాను, ఒప్పుకోనూ లేకపోయాను. ఇంటికొచ్చాక కూడా అది బుర్రలోంచి పోలేదు. ఎందుకంటే పక్షుల జనాభా గురించి ఎవరు ఏ ప్రశ్న అడిగినా, ఎన్ని ఉన్నాయి, పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా, ఎందుకు తగ్గుతున్నాయి అని ఏది అడిగినా, తిరిగి తిరిగి వచ్చి ఆగేది ఇక్కడే: ఇప్పుడు కనిపించింది ఇందాకటి పిట్టేనా, వేరే పిట్టా?

జమ్ములో ఎవరుంటారు

మా శ్రీకాకుళం వైపు నీళ్లు నిలిచే పల్లపు నేలల్ని సోంపేట దగ్గర బీల అంటారు, సంతబొమ్మాళి వైపు తంపర అంటారు. వానాకాలంలో నిండి, వేసవికి సగం ఎండి, మళ్లీ నిండే నేలలు ఇవి. గేదెలు మేస్తాయి, చేపలు పడతారు, అంచుల్లో వరి వేస్తారు. నీళ్లలో జమ్ము, తుంగ మనిషి ఎత్తు పెరుగుతాయి. 2010లో ఈ బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలని చూసినప్పుడు కాగితాల మీద ఇది పనికిరాని నేల. ఆ ఏడాది జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ప్రాజెక్టుకి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ రద్దు చేసింది. ఆ కథ మా జిల్లాలో అందరికీ తెలుసు కాబట్టి పొడిగించను. రికార్డులో ఏమీ రాసి లేని నేలని బంజరు అనడం ఎంత సులువో అప్పుడు చూశాం.

బీలలో గట్టు మీంచి చూస్తే కనిపించేవి కొంగలు, బాతులు, జంబుకోళ్లు. జమ్ము లోపల ఉండేవాళ్లు వేరు. మెడ నిటారుగా పైకెత్తి తానూ ఒక జమ్ము ఆకునన్నట్టు నిలబడిపోయే బిట్టర్న్ కొంగలు. జమ్ము ఆకులకే గూళ్లు అల్లే, ఛాతీ మీద చారలున్న గిజిగాళ్లు. మెడ కింద నీలం రంగు వేసుకుని బురద అంచున ఒక్క క్షణం కనిపించి మాయమయ్యే బ్లూత్రోట్. వీటికంటే గుర్తుపట్టడం కష్టమైనవి వార్బ్లర్లు, ఎండిన ఆకు రంగు చిన్న పిట్టలు; తాత చూపించిన దుబ్బులోదీ వీటిలో ఒకటే. పాడీఫీల్డ్ వార్బ్లర్ ఒకటి, దానికంటే బాగా పెద్దదీ గొంతు కూడా పెద్దదీ అయిన క్లామరస్ రీడ్ వార్బ్లర్ ఇంకొకటి. గట్టు పక్క తుప్పల్లో, ఇళ్ల కంచెల్లో 'చక్, చక్' అంటూ తిరిగే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ వీటికి దాయాది. ఈ మూడింటినీ కలిపి నేను జమ్ముపిట్టలనే పిలుచుకుంటాను. బ్లిత్స్ తుప్పల్లోనే ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ పేరు దానికి పూర్తిగా నప్పదు. అయినా అలవాటైపోయింది.

ఇక్కడో తమాషా చెప్పాలి. టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడకొంగల్ని, అంటే పెలికాన్లని, 'సైబీరియా పక్షులు' అని పేపర్లు రాస్తాయి, పిల్లలకి మేమూ అదే చెప్పేవాళ్లం. నేను కూడా చాలా ఏళ్లు చెప్పాను, ఒప్పుకోవాలి. వాటితో పాటు గూళ్లు కట్టే పెయింటెడ్ స్టార్క్‌లకీ, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలకీ అదే పేరు. ఈ మూడూ దక్షిణాసియా పక్షులే. ఇక్కడికొచ్చి గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతున్నాయంటేనే ఇది వాటి సొంతూరని అర్థం. చలికాలానికి సైబీరియా నుంచి తప్పించుకు వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు, దాని పురుడు అక్కడే. నిజంగా సైబీరియా నుంచి వచ్చేది జమ్ములో ఎవరూ పట్టించుకోని ఈ బొటనవేలు పిట్ట. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ ఫిన్లాండ్ నుంచి మధ్య సైబీరియా దాకా గూళ్లు కట్టి, చలికాలం మన దేశంలో గడుపుతుంది. పాడీఫీల్డ్ వార్బ్లర్ నల్ల సముద్రం ఒడ్డు నుంచి కజకిస్తాన్, ఆ పైన దక్షిణ సైబీరియా దాకా ఉన్న రెల్లు నేలల్లో పుడుతుంది. పేరు ఒకరికి, ప్రయాణం ఇంకొకరికి.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మన దేశంలో 1987లో మొదలైంది. మంచి పని, నేనూ వెళ్తుంటాను. కానీ అది నీటిపక్షుల లెక్క. బాతు లెక్కలోకి వస్తుంది, కొంగ వస్తుంది. అదే నీళ్లలో, అదే జమ్ములో ఉన్న వార్బ్లర్ మాత్రం రాదు. అది చెట్టుపిట్టల జాతి కింద లెక్క. కాబట్టి జమ్ము మొత్తం నరికేసినా, తగలబెట్టినా, ఆ ఏడాది గణన పట్టికలో దాని గురించి ఒక్క అంకె కూడా మారదు.

కాలికి ఒక అంకె

1899లో డెన్మార్క్‌లోని వీబోర్గ్ అనే ఊళ్లో మోర్టెన్‌సెన్ అనే స్కూల్ మాస్టర్ 165 స్టార్లింగ్ పిట్టల కాళ్లకి అల్యూమినియం రింగులు తొడిగి వదిలాడు. ఒక్కో రింగు మీద ఒక్కో నంబరు, ఊరి పేరు. అంతకు తొమ్మిదేళ్ల ముందే జింకు రింగులతో ప్రయత్నించాడు గానీ అవి బరువైపోయాయి. నేనూ మాస్టర్నే కాబట్టి ఈయనంటే కొంచెం పక్షపాతం ఉంది. క్లాసులో అందరూ ఒకే యూనిఫాంలో ఉంటే ఎవరెవరో తెలియడానికి రోల్ నంబర్ ఇస్తాం కదా, ఆయన చేసింది అదే.

మన దేశంలో ఈ పని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ చేతుల్లో పెరిగింది. 1927లో ధార్ సంస్థానంలో చిన్నగా మొదలై, 1959 తర్వాత సలీం అలీ నాయకత్వంలో పెద్ద ఎత్తున సాగింది. దానికి డబ్బు వచ్చిన దారి విచిత్రం. 1957లో కర్ణాటకలో కోతుల జ్వరం బయటపడింది. ఆ వైరస్ రష్యాలోని ఒక జ్వరం వైరస్‌కి దగ్గరి చుట్టమని తేలింది. వలస పక్షులు మోసుకొచ్చే పిడుదుల ద్వారా వచ్చిందేమో అన్న అనుమానంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకొచ్చింది. తర్వాత అమెరికా సైన్యం కూడా నిధులిచ్చింది. జ్వరం భయంతో పుట్టిన పథకం వల్ల మన పక్షులు ఎక్కడెక్కడికి పోతాయో తెలిసింది.

పని ఎలా ఉంటుందో ఒడిశా వైపు ఒక రింగింగ్ శిబిరంలో రెండు రోజులు దగ్గరుండి చూశాను. చీకటితోనే జమ్ము మధ్య సన్నని దారి చేసి, రెండు గడల మధ్య వల కడతారు. నల్లటి సన్న నైలాన్ వల, జపాన్ వాళ్ల పిట్టల వలల నుంచి వచ్చిన పద్ధతి. మంచులో నాలుగు అడుగుల దూరం నుంచి కూడా కనిపించదు. అడ్డంగా నాలుగైదు తాళ్లు ఉంటాయి, ప్రతి తాడు కింద వల కొంచెం వదులుగా జోలెలా వేలాడుతుంది. ఎగురుతూ వచ్చిన పిట్ట దానికి తగిలి జోలెలో పడుతుంది. ఇరవై నిమిషాలకొకసారి తిరిగి చూస్తారు. ఎండ ఎక్కినా, గాలి లేచినా, చినుకు పడినా వల మూసేస్తారు. మా తీరంలో తొమ్మిది దాటితే సముద్రం గాలి మొదలవుతుంది, కాబట్టి మన దగ్గర ఈ పని చేయాలంటే చేతిలో ఉండేది మూడు గంటలే. జమ్ములో మోకాలి లోతు నడుస్తుంటే కాళ్ల మధ్యనుంచి నీరుకట్టె పాము ఒకటి పోయింది. అది విషం లేనిదని నాకు బాగా తెలుసు, అయినా అరిచాను.

వల నుంచి తీసిన పిట్టని చిన్న గుడ్డ సంచిలో వేసి బల్ల దగ్గరికి తెస్తారు. రింగర్ చెయ్యి సంచిలో పెట్టి, పిట్ట వీపు అరచేతికి ఆనేట్టు, మెడ చూపుడువేలికీ నడిమి వేలికీ మధ్య వచ్చేట్టు పట్టుకుంది. వేళ్లు బిగించలేదు, పిట్ట కదలనూ లేదు. దాని గుండె కొట్టుకోవడం ఆమె వేళ్ల మీద సన్నగా వణుకులా కనిపించింది. ప్రత్యేకమైన పటకారుతో రింగు కాలి చుట్టూ మూసింది, గోరు అంచుతో తిప్పి చూసింది, జారుతోంది, గుచ్చుకోవడం లేదు. ఆ రింగు రెండు బియ్యపు గింజల బరువుంటుంది. దాని మీద నంబరు, దొరికినవాళ్లు బొంబాయి సొసైటీకి తెలియజేయాలన్న మాట, అంతే. ఆమె నంబరు చదివింది, పక్కనున్న కుర్రాడు రాసుకుని మళ్లీ పైకి చదివాడు. ఒక్క అంకె తప్పు పడితే ఆ పిట్ట జీవితమంతా ఇంకో పిట్ట ఖాతాలో పడుతుంది. రెక్క పొడవు కొలిచారు. పొట్ట మీద ఈకల్ని నోటితో ఊదితే చర్మం కనిపించింది, గొంతు గుంటలో పసుపుగా కొంచెం కొవ్వు. ప్రయాణానికి పెట్రోలు అదే. వార్బ్లర్లలో కొన్ని వలసకి ముందు తమ బరువుకి రెండింతలు అవుతాయి. తూకంలో ఈ పిట్ట 9 గ్రాములు, అంటే పాత లావు అయిదు రూపాయల బిళ్లంత. చెయ్యి తెరిస్తే జమ్ములోకి పోయింది. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో.

చేతిలోకి వస్తేనే తెలిసే సంగతులు ఇంకా ఉన్నాయి. రీడ్ వార్బ్లర్ పిల్లకి నాలుక మీద రెండు నల్లచుక్కలుంటాయి, పెద్దయ్యాక పోతాయి. బైనాక్యులర్‌తో పిట్ట నాలుక చూడగలిగినవాడిని నేనింతవరకు కలవలేదు. జాతి గుర్తుపట్టడం కూడా చేతిలోనే. 1867లో హ్యూమ్ అనే ఆంగ్లేయుడు సట్లెజ్ లోయలో, ఇప్పటి హిమాచల్‌లోని రాంపూర్ దగ్గర, కొంచెం పెద్ద ముక్కున్న ఒక వార్బ్లర్ని సేకరించాడు. ఆ తర్వాత అలాంటిది ప్రాణంతో ఎవరి కంటా పడలేదు. అసలది వేరే జాతేనా అని కూడా వాదనలు జరిగాయి. 2006 మార్చి 27న థాయ్‌లాండ్‌లో ఒక మురుగునీటి శుద్ధి కేంద్రం దగ్గర ఫిలిప్ రౌండ్ అనే పక్షుల శాస్త్రవేత్త రింగులు వేస్తుంటే వలలో పడ్డ ఒక పిట్ట ముక్కు తేడాగా అనిపించింది. దాని డీఎన్ఏని స్వీడన్‌లో పరీక్షిస్తే 139 ఏళ్ల నాటి ఆ హిమాచల్ పిట్ట జాతే అని తేలింది. 2009లో అవి అఫ్గానిస్తాన్‌లోని వఖాన్ లోయలో గూళ్లు కడుతున్నాయని తెలిసింది. మామూలు బైనాక్యులర్ చూపుకి అవన్నీ 'ఏదో జమ్ముపిట్ట' కిందే పోయి ఉంటాయి.

జీడిపిక్కల లెక్క

రింగు వేస్తే పిట్ట ఎక్కడికి పోయిందో తెలుస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి చిన్న పిట్టల్లో రింగు వేసినవి నూరుంటే, దూరదేశంలో ఎవరికో దొరికి కబురు వచ్చేది ఒకటి కూడా ఉండదు. రింగు అసలు ఉపయోగం అదే చోట మళ్లీ మళ్లీ పట్టుకోవడంలో ఉంది.

మా పిల్లలకి ఇది పలాస జీడిపిక్కలతో చెప్పాను. ఒక బస్తాలో ఎన్ని పిక్కలున్నాయో లెక్కపెట్టకుండా చెప్పాలి. గుప్పెళ్లతో 50 పిక్కలు తీసి, ఎర్రరంగు చుక్క పెట్టి, మళ్లీ బస్తాలో వేసి బాగా కలిపాం. తర్వాత చూడకుండా 60 తీశాం. వాటిలో 6 ఎర్రచుక్కవి వచ్చాయి అనుకుందాం. అంటే తీసినవాటిలో పదో వంతు ఎర్రవి. బస్తా అంతా అదే పాళ్లలో ఉంటే, నేను కలిపిన ఆ 50 కూడా బస్తా మొత్తంలో పదో వంతు. కాబట్టి బస్తాలో సుమారు 500. ఈ లెక్క వెనక ఇద్దరున్నారు: చేపలకి గుర్తులు పెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్, బాతుల రింగులతో 1930లో అమెరికాలో ఇదే లెక్క కట్టిన లింకన్. పుస్తకాల్లో ఇద్దరి పేర్లూ కలిపే ఉంటాయి.

ఇక్కడ ఆగి పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఆరు బదులు అయిదు వస్తే? మొత్తం 600 అవుతుంది. ఏడు వస్తే? దాదాపు 429. ఒక్క పిక్క అటూ ఇటూ అయితే డెబ్బై నుంచి నూరు దాకా తేడా. అందుకే ఎవరైనా 'ఈ జమ్ములో సరిగ్గా 512 పిట్టలున్నాయి' అంటే నాకు నమ్మకం కలగదు. '400కీ 700కీ మధ్య' అంటే నమ్ముతాను. మన దగ్గర మాత్రం పై అధికారికైనా పేపర్‌కైనా ఒకే అంకె కావాలి. రెండు అంకెలు చెబితే పని రానివాడి కింద చూస్తారు.

పైగా పిక్కకి భయం ఉండదు, పిట్టకి ఉంటుంది. ఒకసారి వలలో పడ్డది ఆ చోటు గుర్తుపెట్టుకుని రెండోసారి పక్కనుంచి పోతుంది. అప్పుడు రింగున్నవి తక్కువ దొరుకుతాయి, లెక్కలో మొత్తం అబద్ధంగా పెరిగిపోతుంది. బస్తా మూతి కట్టి ఉంటుంది, బీలకి మూత లేదు. రెండు రోజుల మధ్యలో కొన్ని పోతాయి, కొత్తవి దిగుతాయి. కొన్ని పిట్టలు ఆ జమ్మునే పట్టుకుని ఉంటాయి, కొన్ని ఒక రాత్రి బస చేసి ముందుకు పోతాయి. బస్టాండులో ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టి ఊరి జనాభా అంటే ఎలా ఉంటుందో, అదీ అలాగే ఉంటుంది.

ఇంకొంచెం లోతుకి వెళ్తే అసలు మజా ఉంది. మొదటి చలికాలం 200 పిట్టలకి రింగులు వేశాం అనుకోండి. రెండో చలికాలం వాటిలో 40 మళ్లీ పడ్డాయి. 'నూటికి ఇరవయ్యే బతికాయి' అని గుండెలు బాదుకోవచ్చు. తొందరపడకూడదు. మూడో చలికాలం కూడా వల వేస్తే, ఆ మొదటి బ్యాచ్‌లోవి 30 పడ్డాయి. పుస్తకం తిరగేస్తే ఆ 30లో 15 మాత్రమే రెండో ఏడు కనిపించినవి. మిగతా 15 రెండో ఏడు మన వలకి చిక్కలేదు, కానీ మూడో ఏడు ప్రాణంతో వచ్చాయంటే రెండో ఏడు కూడా బతికే ఉన్నాయి కదా. హాజరు పట్టీలో మంగళవారం గైర్హాజరు, బుధవారం హాజరు. కుర్రాడు చచ్చిపోలేదు, బడికి రాలేదు, అంతే. అంటే రెండో ఏడు బతికున్నవాటిలో మనకి చిక్కింది సగమే. అప్పుడు ఆ ఏడాది బతికున్నవి 40 కాదు, సుమారు 80. నూటికి నలభై. పిట్టలు చావడం వేరు, మనకి కనబడకపోవడం వేరు. ఆ రెంటినీ విడదీసే ఈ లెక్కని 1964, 65లలో కార్మాక్, జాలీ, సీబర్ అనే ముగ్గురు ఎవరికి వారు కట్టారు. మూడు ఏళ్లు లేకపోతే ఇది సాధ్యం కాదు, అయిదేళ్లు ఉంటే మేలు. ఏడాది ప్రాజెక్టులు చేసి నివేదిక అచ్చేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు రావడానికి కారణం ఇదే.

ఈ లెక్కకి కూడా ఒక గుడ్డి మూల ఉంది. ఎప్పటికీ తిరిగిరాని పిట్ట చనిపోయిందా, బారువ వైపు ఇంకో దుబ్బు చూసుకుందా అన్నది ఈ వల చెప్పలేదు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు 'బతుకు శాతం' అని ఊరుకోకుండా 'కనిపించిన మేరకు బతుకు శాతం' అంటారు.

ఏ ఏడాదికి ఆ ఏడాది పోల్చి చూడాలంటే ఇంకో నియమం కూడా ఉంది. అవే వలలు, అవే చోట్లు, అవే గంటలు, అన్నే రోజులు. ఈ ఏడు పది వలలు కట్టి వచ్చే ఏడు పదిహేను కడితే పెరిగేది వలలే. బ్రిటన్‌లో 1983 నుంచి ఇలా ఒకే మోతాదు శ్రమతో, మే నుంచి ఆగస్టు దాకా 12 విడతలుగా, ఎన్నో చోట్ల వలలు వేస్తున్నారు. అక్కడ వాళ్లు ఆ ఏటి పిల్లలెన్ని, పెద్దవెన్ని అని విడిగా చూస్తారు. పిల్లలు తగ్గితే గూళ్ల దగ్గర తేడా ఉన్నట్టు. పిల్లలు బాగానే ఉండి పోయినేటి పెద్దవి తిరిగి రాకపోతే, తేడా ఇంకెక్కడో ఉన్నట్టు.

ఆ 'ఇంకెక్కడో' ఎంత దూరం ఉండొచ్చో సెడ్జ్ వార్బ్లర్ కథ చెబుతుంది. ఇది బ్రిటన్ జమ్ముపిట్ట. 1960ల చివర నుంచి సంఖ్య బాగా పడిపోయింది. అక్కడి జమ్ము అలాగే ఉంది, నీళ్లు అలాగే ఉన్నాయి. రింగుల పుస్తకాలు తిరగేసి లెక్క కడితే, ఏ ఏడాది ఎన్ని పెద్ద పిట్టలు బతికాయన్నది పశ్చిమ ఆఫ్రికాలో ఆ ఏడాది పడ్డ వానతో ముడిపడి ఉందని 1991లో తేల్చారు. చలికాలం అవి గడిపేది సహారా కింది సాహెల్ ప్రాంతంలో. అక్కడ కరువొస్తే ఇంగ్లండ్ జమ్ములో పాట తగ్గుతుంది. దీన్నే తిప్పి చూస్తే, మన బీల ఎండితే కజకిస్తాన్‌లో ఏదో చెరువు పక్కన ఎవరో పక్షుల శాస్త్రవేత్త తల గోక్కోవాల్సి వస్తుంది. ఆయన దగ్గర జమ్ము బాగానే ఉంటుంది మరి.

పెద్ద పక్షులకి ఈ వల గొడవ లేదు. గూడకొంగకీ పెయింటెడ్ స్టార్క్‌కీ కాలికి రంగు రింగు వేసి దాని మీద పెద్ద అక్షరాలు చెక్కితే, టెలిస్కోపుతో దూరం నుంచే చదవొచ్చు, మళ్లీ పట్టుకోనక్కర్లేదు. నత్తగుల్ల కొంగల విషయంలో ఇలాంటి కబుర్లు ఉన్నాయి. భరత్‌పూర్‌లో రింగు వేసినవి 800 కిలోమీటర్లు తూర్పున, థాయ్‌లాండ్‌లో రింగు వేసినది 1500 కిలోమీటర్లు పడమర బంగ్లాదేశ్‌లో దొరికాయి. సైబీరియా వైపు కాదు, గమనించండి.

తేలినీలాపురానికి ఇది బాగా అవసరమని నాకనిపిస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. 2021 చివర, 2022 మొదట్లో అక్కడ నులిపురుగుల జబ్బుతో గూడకొంగలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. అలాంటి ఏడాది తర్వాత 'ఈసారి ఇన్ని వచ్చాయి' అని ఒక అంకె వస్తుంది. తగ్గితే, మిగతావి చచ్చిపోయాయా, ఇంకో ఊరి చింతచెట్లు చూసుకున్నాయా? తగ్గకపోతే, పాతవే నిలదొక్కుకున్నాయా, వేరే చోటు నుంచి కొత్తవి వచ్చి ఖాళీ నింపాయా? అంకె ఒక్కటే చూస్తే ఈ నాలుగు కథలూ ఒకేలా కనిపిస్తాయి. గూడకొంగ చాలా ఏళ్లు బతికే పక్షి, ఏడాదికి పిల్లలు కొన్నే. అలాంటి జాతిలో పెద్దవి పోతే ఆ లోటు పూడడానికి చాలా కాలం పడుతుంది. పైకి గూళ్ల సంఖ్య బాగున్నట్టే కనిపించొచ్చు.

అలాగని రింగులు వేయడం ఇష్టం వచ్చినట్టు చేసే పని కాదు. అడవి పక్షిని పట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. రాష్ట్ర వన్యప్రాణి అధికారి అనుమతితో, శిక్షణ పొందినవాళ్లే చేయాలి. వలలో పిట్ట మెలితిరిగి గాయపడొచ్చు, ఎండకి సొమ్మసిల్లొచ్చు. గూళ్ల చెట్టెక్కి పిల్లలకి రింగు వేస్తుంటే పక్క గూటి పిల్లలు బెదిరి కింద పడొచ్చు. చెయ్యి తిరిగిన రింగర్ల దగ్గర ప్రమాదం చాలా తక్కువే గానీ, సున్నా కాదు. నన్నడిగితే ప్రతి చెరువులోనూ వలలు అక్కర్లేదు. జిల్లాకి ఒకటి రెండు చోట్ల ఏళ్ల తరబడి సాగాలి, మిగతా చోట్ల చెవులు చాలు. గట్టు మీద పది చోట్లు గుర్తుపెట్టుకుని, ఒక్కోచోట అయిదు నిమిషాలు నిలబడి, విన్నవి రాసుకోవడం, ప్రతి నెలా అదే చోట, అదే వేళకి. పిట్టలెన్నో దీంతో తెలియదు, పోయినేటికంటే ఎక్కువా తక్కువా అన్నది తెలుస్తుంది. మేమిద్దరం ఇప్పుడు చేస్తున్నది అదే. 31, 14 గొడవ రాకుండా, ఒకే నిమిషంలో రెండు వైపుల నుంచి వినిపిస్తేనే రెండు అని రాయాలని ఒప్పందం చేసుకున్నాం. నా లెక్కలు బాగా చిక్కిపోయాయి.

చచ్చిన పిట్ట కాలికో, వలలో చిక్కిన కొంగ కాలికో రింగు కనిపిస్తే చేయాల్సింది చాలా చిన్న పని. బతికున్న పక్షి రింగు తీయకూడదు. అంకెలు, అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుని, ఫోన్లో ఫోటో తీసి, తేదీ, ఊరు కలిపి ఆ రింగు మీదున్న సంస్థకి పంపాలి. మా వైపు చేపలు పట్టేవాళ్లకి ఈ మాట చెబుతుంటాం. పోలీసు కేసవుతుందేమోనని భయపడి రింగు విసిరేసేవాళ్లున్నారు.

మొన్న మార్చిలో మళ్లీ బీలకి వెళ్లాం. నీళ్లు వెనక్కి తగ్గాయి, ఒక పక్క జమ్ము కోసి మోపులు కట్టి ఉంది. గట్టు మలుపు దుబ్బు మాత్రం అలాగే ఉంది. తాత లేరు, గేదెల్ని మనవడు తోలుకొచ్చాడు. చలికాలం గడిపే వార్బ్లర్లు ఏటేటా అదే చోటికి తిరిగొస్తాయని రింగులతో చాలాచోట్ల రుజువైంది, కాబట్టి తాత చెప్పింది జరగనిదేం కాదు. అరగంట కూర్చున్నాక ఆ దుబ్బులో ఆకు ఊగింది. పిట్ట పక్కకి జరుగుతూ జమ్ము కాడ పట్టుకుని ఎండలోకి వచ్చింది. బైనాక్యులర్ కాళ్ల మీదికి తిప్పాను. ఎడమ కాలు, కుడి కాలు. రెండూ బోసిగా ఉన్నాయి.

"అదేనా?" అన్నాడు మనవడు.